ధన్‌ఖడ్ రాజీనామా: అందరూ అడిగే ప్రశ్నలు, రికార్డు చెప్పే జవాబులు

నేను గ్రూప్స్‌కి చదివే పిల్లలకు పాలిటీ చెబుతాను. 2025 జులై 21 రాత్రి తొమ్మిదిన్నర దాటాక నా ఫోన్ ఆగలేదు. "సార్, ఉపరాష్ట్రపతి రాజీనామా చేశారట, నిజమేనా?" అన్నది మొదటి మెసేజ్. తర్వాత వారాల తరబడి క్లాసులో, టీ దగ్గర, చివరికి ఒక పెళ్ళి భోజనాల పంక్తిలో కూడా అవే ప్రశ్నలు. వాటిలో మళ్ళీ మళ్ళీ ఎదురైన వాటిని ఇక్కడ పెడుతున్నాను. రికార్డులో ఉన్నదాన్ని గట్టిగా చెప్పాను. ఊహ అయితే ఊహ అనే చెప్పాను. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం చూసి చూసి మనసు కష్టపెట్టుకున్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజు అసలు ఏం జరిగింది?

అది పార్లమెంటు వర్షాకాల సమావేశాల మొదటి రోజు. ఉదయం జగదీప్ ధన్‌ఖడ్ ఎప్పటిలాగే ఉపరాష్ట్రపతి హోదాలో రాజ్యసభ ఛైర్మన్ స్థానంలో కూర్చున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు సభా వ్యవహారాల సలహా సంఘం ఆయన అధ్యక్షతన సమావేశమైంది. సభా నాయకుడు జె.పి. నడ్డా, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కిరణ్ రిజిజు ఇద్దరూ వచ్చారు. ఏదీ తేలక సాయంత్రం నాలుగున్నరకు మళ్ళీ కలుద్దామనుకున్నారు.

నాలుగు దాటాక ధన్‌ఖడ్ సభలో ఒక ప్రకటన చేశారు. జస్టిస్ యశ్వంత్ వర్మను తొలగించాలని కోరుతూ సభ్యులు సంతకాలు చేసిన నోటీసు తనకు అందిందన్నారు. లోక్‌సభలోనూ ఇలాంటి నోటీసు ఇచ్చారా అని న్యాయశాఖ మంత్రిని అడిగి, ఇచ్చారని నిర్ధారించుకున్నారు. నాలుగున్నర సమావేశానికి సభ్యులు వచ్చి కూర్చున్నారు. నడ్డా, రిజిజు రాలేదు. కాసేపు చూసి, సమావేశాన్ని మర్నాడు ఒంటిగంటకు వాయిదా వేశారు.

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో రాజీనామా లేఖ ఎక్స్‌లో కనిపించింది.

ఇంకొక్క సంగతి. ఆ మధ్యాహ్నమే ఉపరాష్ట్రపతి కార్యాలయం ఆయన 23వ తేదీ జైపూర్ పర్యటన గురించి పత్రికా ప్రకటన ఇచ్చింది. ఆ కాగితం గుర్తొచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు ఎల్లుండి ప్రయాణం ఉన్న మనిషికి రాత్రి తొమ్మిదిన్నరకు పదవే లేదు.

లేఖలో ఏముంది?

చాలా చిన్న లేఖ. ఆరోగ్యానికి ప్రాధాన్యం ఇవ్వడానికీ, వైద్యుల సలహా పాటించడానికీ రాజ్యాంగంలోని 67(ఎ) అధికరణ ప్రకారం తక్షణమే రాజీనామా చేస్తున్నానన్నారు. రాష్ట్రపతికి, ప్రధానికి, మంత్రిమండలికి, ఎంపీలకు కృతజ్ఞతలు చెప్పారు. ఎవరినీ నొప్పించే మాట ఒక్కటీ లేదు.

మన నాయకుల రాజీనామా లేఖలు చదివే అలవాటున్నవాళ్ళు అందులో కోపం కోసం వెతుకుతారు. ఇందులో దొరకదు. "తక్షణమే" అన్న ఒక్క మాటే చదివేవాళ్ళను పట్టి ఆపుతుంది.

ఆరోగ్యం బాగోలేదన్నది సాకేనా?

సాకు అనలేం. 2025 మార్చిలో ఆయన గుండె ఇబ్బందితో ఢిల్లీ ఎయిమ్స్‌లో చేరారు. యాంజియోప్లాస్టీ జరిగింది. జూన్ 25న నైనీతాల్‌లో కుమావూ విశ్వవిద్యాలయం స్వర్ణోత్సవంలో ప్రసంగించాక అస్వస్థతకు గురయ్యారు. 1951లో పుట్టిన మనిషి, అప్పటికి 74 ఏళ్ళు. గుండె జబ్బు తెలిసిన కుటుంబాలకు ఆ వయసులో డాక్టరు మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు. జబ్బుపడిన మనిషిని పట్టుకుని నాటకం అనడం నాకు మింగుడుపడదు.

అయితే ఇదే ధన్‌ఖడ్ జులై 10న జేఎన్‌యూలో మాట్లాడుతూ, దైవ సంకల్పం అడ్డురాకపోతే తాను 2027 ఆగస్టులో సరైన సమయానికే పదవీ విరమణ చేస్తానన్నారు. పదకొండు రోజులకు మాట మారింది. ఆరోగ్యం నిజమైన కారణం కావచ్చు. ఆ రోజే, ఆ రాత్రే ఎందుకన్నదానికి మాత్రం అది జవాబు కాదు. అనుమానం పుట్టింది సరిగ్గా ఈ సందులోంచే.

జస్టిస్ వర్మ నోటీసుకూ దీనికీ సంబంధం ఏమిటి?

జనం నోట ఎక్కువగా నలిగిన వాదన ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి యశ్వంత్ వర్మ అధికారిక నివాసంలో మంటలు లేచాయి. కాలిన నోట్ల కట్టలు దొరికాయన్న వార్త దేశాన్ని కుదిపేసింది. ఆ డబ్బు తనది కాదని ఆయన చెబుతూ వచ్చారు. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం ప్రకారం లోక్‌సభలో కనీసం 100 మంది గానీ, రాజ్యసభలో కనీసం 50 మంది గానీ సంతకాలు చేసిన నోటీసు ఇవ్వాలి. ఒకే రోజు రెండు సభల్లోనూ నోటీసులు వచ్చి, రెండూ స్వీకరణ పొందితే, స్పీకరూ ఛైర్మనూ కలిసి సంయుక్త విచారణ సంఘం వేయాలి.

ప్రభుత్వం లోక్‌సభ దారి ఎంచుకుంది. అక్కడి నోటీసు మీద అధికార, ప్రతిపక్ష సభ్యులు కలిసి సంతకాలు చేశారు. అందరి సమ్మతితో, తమ చేతి మీదుగా ఈ పని జరగాలన్నది వాళ్ళ ఆలోచన. అదే రోజు రాజ్యసభలో 63 మంది ప్రతిపక్ష సభ్యులు విడిగా నోటీసు ఇచ్చారు. ఛైర్మన్ ఆ సంగతి సభకు చెప్పేశారు. దాంతో పాలకపక్షం ఇబ్బంది పడిందనీ, ముందుగా తమతో ఒక్క మాట అనలేదని నొచ్చుకుందనీ పత్రికలు రాశాయి.

ఇందులో రికార్డు ఏది? నోటీసు, దాని మీది సంతకాలు, సభలో ఛైర్మన్ ప్రకటన. ఊహ ఏది? దానివల్లే పదవి పోయిందనడం. ఊహ బలమైనదే, కాదనను. ఒక ఘటన వెనకే మరొకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణమంటే మాత్రం నా క్లాసులో ఆ జవాబుకు సగం మార్కులే వేస్తాను.

మంత్రులు సాయంత్రం సమావేశానికి కావాలనే రాలేదా?

ఛైర్మన్‌కు ఎవరూ స్వయంగా చెప్పలేదనీ, ఆయన నొచ్చుకున్నారనీ కాంగ్రెస్ నేత జైరాం రమేశ్ అన్నారు. ముఖ్యమైన పార్లమెంటు పనిలో ఉన్నామని ఛైర్మన్ కార్యాలయానికి ముందే తెలిపామని నడ్డా అన్నారు. రెండు మాటలూ బహిరంగంగా వచ్చినవే. నడ్డా ఆ రోజు సభలో "నేను చెప్పిందే రికార్డుల్లోకి వెళుతుంది" అన్న మాటను కూడా కొందరు ఛైర్మన్‌కు అవమానంగా తీసుకున్నారు. అది అడ్డు తగులుతున్న ప్రతిపక్ష సభ్యులనుద్దేశించి అన్నదని ఆయన వివరణ.

ఒత్తిడి తెచ్చి రాయించారంటారు. అవిశ్వాసం పెడతామని బెదిరించారంటారు. నిజమా?

పేరు చెప్పని వర్గాలను ఉటంకిస్తూ అలాంటి కథనాలు చాలా వచ్చాయి. పేరు పెట్టుకుని బాధ్యతగా నిలబడి "అవును, నాకు తెలుసు" అన్న అధికార పక్షం మనిషిని నేను చూడలేదు. ఒక లెక్క మాత్రం చూడండి. 67(బి) ప్రకారం ఉపరాష్ట్రపతిని తొలగించాలంటే కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజ్యసభలో అప్పటికున్న మొత్తం సభ్యుల్లో మెజారిటీ తీర్మానం నెగ్గాలి, దానికి లోక్‌సభ ఒప్పుకోవాలి. రాత్రికి రాత్రి జరిగే పని కాదు. అంటే బెదిరింపు జరగలేదని కాదు. అలాంటి ముప్పు ఎదురైనా పోరాడటానికి రెండు వారాల వ్యవధి ఉన్న మనిషి, పోరాడకుండా వెళ్ళిపోయారని.

మర్నాడు ప్రధాని మోదీ ఎక్స్‌లో పెట్టిన సందేశం రెండు ముక్కలే. వివిధ హోదాల్లో దేశానికి సేవ చేసే అవకాశాలు ఆయనకు లభించాయి, ఆయన ఆరోగ్యంగా ఉండాలి, అంతే. ఆ క్లుప్తతే ఊహాగానాలకు చిలవలు పలవలు అల్లింది. ఆగస్టు 25న అమిత్ షా ఒక ఇంటర్వ్యూలో, లేఖలోనే అంతా స్పష్టంగా ఉంది, ఆరోగ్య కారణాలు చెప్పారు, దీన్ని పెద్దది చేయొద్దు అన్నారు. అధికారికంగా వచ్చిన వివరణ అదే.

నా అభిప్రాయం అడిగితే చెబుతాను. ఆరోగ్యం నిజం, ఆ రోజు మనస్తాపమూ నిజం. రెండూ కలిసి ఆ రాత్రి ఆయన చేత సంతకం పెట్టించి ఉంటాయి. ఇది నా అంచనా మాత్రమే. నన్ను బాధపెట్టేది వేరే. మూడేళ్ళు ఆయన నడిపిన సభలో ఆయనకు వీడ్కోలు ప్రసంగం లేదు, ఆయన నోట సెలవు మాట లేదు. 22న సభాపతి స్థానంలో ఉన్న ఘనశ్యామ్ తివారీ హోంశాఖ నోటిఫికేషన్ సంగతి చెప్పారు. దేశంలో రెండో పెద్ద పదవి ఖాళీ అయిన వార్త ఆ సభకు అలా చేరింది.

రాష్ట్రపతి ఆమోదించాలా? లేఖ వెనక్కి తీసుకోవచ్చా?

ఇది పిల్లలు తరచూ తప్పు రాసే ప్రశ్న. ఉపరాష్ట్రపతి రాష్ట్రపతిని ఉద్దేశించి స్వహస్తంతో సంతకం చేసిన లేఖ ఇస్తే చాలు. ఆమోదం అనే షరతు 67(ఎ)లో లేదు. తక్షణం అమల్లోకి వస్తుందని రాస్తే అంతటితో అయిపోయినట్టే.

ముందు తేదీ వేసి రాజీనామా చేస్తే కథ వేరు. ఒక హైకోర్టు న్యాయమూర్తి అలా చేసి, ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకుంటే, అది చెల్లుతుందని 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆమోదం అక్కర్లేని ఈ సౌలభ్యం ఎమ్మెల్యే, ఎంపీలకు లేదు. వాళ్ళ రాజీనామాను స్పీకర్ గానీ ఛైర్మన్ గానీ ఆమోదించాలి. స్వచ్ఛందంగా చేసిందేనా, నిజమైనదేనా అని విచారించవచ్చు. 1974లో 33వ సవరణ తెచ్చిన మార్పు ఇది. మన విశాఖ ఉక్కు కోసం 2021లో గంటా శ్రీనివాసరావు ఇచ్చిన రాజీనామా 2024 జనవరిలో గానీ ఆమోదం పొందలేదు. అక్కడ మూడేళ్ళు, ఇక్కడ ఒక్క రాత్రి.

ఉపరాష్ట్రపతి లేకపోతే రాజ్యసభ ఆగిపోతుందా?

ఆగదు. 91వ అధికరణ ప్రకారం డిప్యూటీ ఛైర్మన్ నడుపుతారు. అప్పుడు హరివంశ్ నడిపారు. అయితే తాత్కాలిక ఉపరాష్ట్రపతి అనే పదవి మన రాజ్యాంగంలో లేదు.

ఇంతకుముందు ఎవరైనా ఇలా మధ్యలో దిగిపోయారా?

దిగిపోయారు. ఆరోగ్యం కారణంగా చూపి దిగిపోయింది మాత్రం ధన్‌ఖడ్ ఒక్కరే.

ఆర్. వెంకట్రామన్, శంకర్ దయాళ్ శర్మ, కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతులుగా ఎన్నికై పాత పదవి వదిలారు. భైరాన్‌సింగ్ శెఖావత్ 2007లో రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిభా పాటిల్ చేతిలో ఓడి రాజీనామా చేశారు. అదీ జులై 21నే. ఆయనదీ రాజస్థానే. మన రాష్ట్రానికి ఏళ్ళ తరబడి గవర్నర్‌గా ఉన్న కృష్ణకాంత్ 2002 జులైలో ఉపరాష్ట్రపతి పదవిలో ఉండగానే కన్నుమూశారు.

వీటన్నిటికంటే రసవత్తరమైనది 1969. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మే 3న మరణించగానే వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి జులై 20న పదవి వదిలేశారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. ఆయన కూడా పోటీ కోసం అంతకు ఒక్క రోజు ముందే లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఇద్దరూ తెలుగువాళ్ళు, ఇద్దరూ రెండు సభల పీఠాలు వదిలి వచ్చినవాళ్ళు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఇద్దరూ లేని ఆ నెల రోజులు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా రాష్ట్రపతిగా వ్యవహరించారు. రెండో ప్రాధాన్య ఓట్లతో గిరి గెలిచారు. ఈ పాఠం చెప్పే రోజు నా క్లాసులో ఒక్కరూ నిద్రపోరు.

కొత్తగా వచ్చినాయన మిగిలిన రెండేళ్ళే ఉంటారా?

కాదు. 68(2) ప్రకారం పూర్తి ఐదేళ్ళు. ఖాళీని వీలైనంత త్వరగా నింపాలంటుంది అదే అధికరణ.

సెప్టెంబరు 9న ఎన్నిక జరిగింది. ఎన్డీఏ అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, ప్రతిపక్షం నిలిపిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డికి 300. పదిహేను ఓట్లు చెల్లలేదు. మనకు ఇది ఇంటి పోరు లాంటిది. సుదర్శన్‌రెడ్డి రంగారెడ్డి జిల్లాకు చెందినవారు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. రాధాకృష్ణన్ తమిళనాడు మనిషే అయినా 2024లో కొన్ని నెలలు తెలంగాణ గవర్నర్‌గా అదనపు బాధ్యతలు చూశారు. తెలుగు ఎంపీలంతా తెలుగు బిడ్డకే ఓటేయాలని రేవంత్‌రెడ్డి కోరారు. తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ రెండూ రాధాకృష్ణన్ వైపే నిలిచాయి. బీఆర్‌ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది.

నీతీశ్ కుమార్‌ను ఉపరాష్ట్రపతిని చేయడానికే ధన్‌ఖడ్‌ను దించారన్న ప్రచారం గుర్తుందా? జులై చివరి వారంలో అది అందరి నోటా నానింది. సెప్టెంబరు 9న దాని సంగతి తేలిపోయింది. అప్పుడు అంత నమ్మకంగా చెప్పినవాళ్ళే మరుసటి ఊహను కూడా అంతే నమ్మకంగా చెప్పారు.

రాజీనామా తర్వాత ఆయన కనిపించకుండా పోయారా?

కొన్ని వారాలు బయటికి రాలేదు. ఆయన ఎక్కడున్నారో చెప్పాలని సంజయ్ రౌత్ హోంమంత్రికి లేఖ రాశారు, కపిల్ సిబల్ బహిరంగంగానే ఆందోళన వ్యక్తం చేశారు. గృహ నిర్బంధం అన్న మాటా వినిపించింది. షా దాన్ని కొట్టిపారేశారు. సెప్టెంబరు మొదట్లో ధన్‌ఖడ్ అధికారిక నివాసం వదిలి దక్షిణ ఢిల్లీలోని ఛత్తర్‌పుర్‌లో, హరియాణా నేత అభయ్ చౌతాలాకు చెందిన ఫాంహౌస్‌కు మారారు. సెప్టెంబరు 12న రాధాకృష్ణన్ ప్రమాణ స్వీకారానికి రాష్ట్రపతి భవన్‌కు వచ్చారు. అక్కడ మాజీ ఉపరాష్ట్రపతులు వెంకయ్యనాయుడు, హమీద్ అన్సారీలతో పాటు కనిపించారు. నవంబరులో భోపాల్‌లో ఒక పుస్తకావిష్కరణలో ప్రసంగించారు. రాజీనామా కారణం అక్కడా విప్పలేదు.

2024లో ఆయన్ను తొలగించాలన్న ప్రతిపక్షమే 2025లో ఎందుకు వెనకేసుకొచ్చింది?

2024 డిసెంబరులో పక్షపాతం చూపుతున్నారంటూ 60 మంది ప్రతిపక్ష సభ్యులు ఆయన తొలగింపుకు నోటీసిచ్చారు. ఉపరాష్ట్రపతిపై అలాంటి నోటీసు అదే మొదటిది. హరివంశ్ దాన్ని తోసిపుచ్చారు. ఏడు నెలలకు అదే పక్షం నిర్ణయం పునరాలోచించమంది. రాజకీయ లాభం లేదనను. అయినా ఆయన మాటల్లో రెండు పాయలుండేవి. న్యాయవ్యవస్థ మీద ఆయన విమర్శలు, సుప్రీంకోర్టుకు ప్రత్యేక అధికారాలిచ్చే 142వ అధికరణను అణు క్షిపణితో పోల్చడం ప్రభుత్వానికి అనుకూలంగా వినిపించేవి. 2024 డిసెంబరులో ముంబయిలో వేదిక మీదున్న వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్‌నే, రైతులకిచ్చిన హామీ ఏమైందని సూటిగా అడిగారు. రాజస్థాన్‌లోని ఝుంఝునూ జిల్లా కిఠానా అనే ఊళ్ళో రైతు ఇంట పుట్టిన మనిషి మాట అది. ఆ వీడియో నేను ఇప్పటికీ పిల్లలకు చూపిస్తాను.

మళ్ళీ రాజకీయాల్లోకి వస్తారా?

చట్టం అడ్డు చెప్పదు. మాజీ ఉపరాష్ట్రపతి ఎంపీగా పోటీ చేయవచ్చు, పార్టీ పెట్టవచ్చు, రాష్ట్రపతి పదవికీ నిలబడవచ్చు. చరిత్ర మాత్రం రెండు దారులే చూపిస్తుంది. ధన్‌ఖడ్‌కు ముందున్న 13 మంది ఉపరాష్ట్రపతుల్లో ఆరుగురు రాష్ట్రపతులయ్యారు. పదవి ముగించుకున్న మిగతావాళ్ళలో ఎవరూ మళ్ళీ ఎన్నికల్లో గెలిచి పదవిలోకి రాలేదు. శెఖావత్ మూడుసార్లు ముఖ్యమంత్రిగా చేసినాయన, ఆయనకూ సాధ్యం కాలేదు.

ధన్‌ఖడ్‌కు పార్టీలు మారడం కొత్త కాదు. 1989లో జనతాదళ్ తరఫున ఝుంఝునూ ఎంపీ, 1993లో కాంగ్రెస్ తరఫున కిషన్‌గఢ్ ఎమ్మెల్యే, తర్వాత బీజేపీ, 2019లో పశ్చిమ బెంగాల్ గవర్నర్. జాట్ల ఓట్ల బలంతో కొత్త పక్షం కడతారన్నది కొందరి జోస్యం. డెబ్బై దాటిన వయసు, స్టెంట్ పడిన గుండె, దశాబ్దాలుగా సొంత నియోజకవర్గంతో తెగిన బంధం చూస్తే నాకు ఆ నమ్మకం లేదు. ఆయన న్యాయవాది, మాటకారి. వస్తే గిస్తే వేదిక మీదికో, పుస్తకంలోకో వస్తారని నా లెక్క.

అయినా సంజీవరెడ్డిని తలచుకుంటే ఏదీ కొట్టిపారేయలేం. 1969లో ఓడి అనంతపురం జిల్లాలో సొంత ఊరికి వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. ఆయన పని అయిపోయిందన్నారు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ ఊడ్చేసినా నంద్యాలలో జనతా తరఫున ఆయన ఒక్కరే నెగ్గారు. స్పీకరై, ఆ ఏడాదే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఒక్క తేడా, సంజీవరెడ్డి ఎందుకు పదవి వదిలారో, ఎలా ఓడారో దేశమంతటికీ తెలుసు.

పింఛను వస్తుందా?

వస్తుంది. ఉపరాష్ట్రపతి పింఛను జీతంలో సగం. జీతం నెలకు 4 లక్షలు కాబట్టి 2 లక్షలు. నివాసమూ ఇస్తారు. రాజస్థాన్ మాజీ ఎమ్మెల్యే పింఛనుకు కూడా ఆయన మళ్ళీ దరఖాస్తు చేసుకున్నారు.

పరీక్షలో "ఎందుకు రాజీనామా చేశారు" అని వస్తే ఏం రాయాలి సార్?

"ఆరోగ్య కారణాలు పేర్కొంటూ, 67(ఎ) కింద" అని రాయండి. "పేర్కొంటూ" అన్న మాట వదలొద్దు.

నా విద్యార్థిని ఒకమ్మాయి ఈ ప్రశ్న అడిగింది. ఆమె కరెంట్ అఫైర్స్ నోట్సులో మొదటి పేజీ నిండా పదవులు, పేర్లు. జులై 22 ఉదయం ధన్‌ఖడ్ పేరు మీద స్కేలు పెట్టి గీత కొట్టి, పక్కన గడి ఖాళీగా ఉంచింది. యాభై రెండు రోజులు ఆ గడి అలాగే ఉంది. సెప్టెంబరు 12న రాధాకృష్ణన్ పేరు రాసింది. గీత కింద పాత పేరు ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుంది, తుడవమని నేను అనలేదు.